పల్లెటూరి ఇల్లు సరే, కారు తాళం ఎవరి చేతిలో?

ప్రశ్న: అక్కా, మేము ఇంగ్లండులో, లండన్ పక్కన స్లౌలో ఉంటాం. మా ఆయన డాక్టరు. ఆగస్టు నుంచి హెరెఫర్డ్‌లోని ఆసుపత్రిలో ఉద్యోగం. అక్కడికి 11 మైళ్ల దూరంలో ఒక పల్లెలో పాత రాతి ఇల్లు అద్దెకు చూశాం. వెనక పెద్ద దొడ్డి, యాపిల్ చెట్లు, అద్దె మా రెండు గదుల ఫ్లాటు కంటే తక్కువ. ఆయనకు చూడగానే నచ్చేసింది. నాకేమో గుబులుగా ఉంది. చుట్టుపక్కల మనవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఊళ్లోవాళ్లు మమ్మల్ని కలుపుకుంటారా? మావాడికి మార్చిలో నాలుగు నిండాయి, సెప్టెంబరులో బడిలో వెయ్యాలి. నాకు కారు నడపడం రాదు. మా అత్తగారేమో ఫోన్లో "తెనాలి పక్క పల్లెలో పుట్టి పెరిగినదానివి, పల్లెటూరంటే భయమేంటమ్మా" అంటున్నారు. వెళ్లమంటారా, వద్దంటారా?

జవాబు:

అమ్మా, ముందు మీ అత్తగారి మాట పక్కన పెడదాం. ఆవిడ ప్రేమతోనే అన్నారు గానీ, ఆవిడ కళ్లముందున్న పల్లె వేరు, మీరు చూసొచ్చిన పల్లె వేరు. తెనాలి పక్క ఊళ్లో పొద్దున వాకిలి ఊడుస్తుంటేనే నలుగురు పలకరిస్తారు. పాలు పోసేవాళ్లు, కూరలమ్మేవాళ్లు గుమ్మంలోకే వస్తారు. రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తితే ఆటో ఆగుతుంది. ఇక్కడి పల్లెలో సేద్యం చేసే కుటుంబాలు ఊరికి రెండో మూడో ఉంటాయి. మిగతావాళ్లలో సగం మంది ఉద్యోగాలు చేసి రిటైరై, ప్రశాంతత వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఇంకో సగం పొద్దున్నే కార్లెక్కి టౌనుకు పోయి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు. ఆ ఊళ్లో పుట్టిన కుర్రాళ్లు ఇళ్ల ధరలు అందక ఎప్పుడో బయటికి పోయారు. ఏ మంగళవారమో మధ్యాహ్నం రెండింటికి వీధిలో నిలబడి చూడండి. ఒక ట్రాక్టరు పోతుంది. ఒక పెద్దాయన కుక్కను తిప్పుతూ కనిపిస్తాడు. అంతే. అరుగు మీద కూర్చుని కాలక్షేపం చేసే ఊరు కాదిది. అసలు అరుగే ఉండదు.

"కలుపుకుంటారా" అని మీరడిగారు. దానికి జవాబుంది, చెప్తాను. కానీ మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్న ఒక్క ముక్కలో తేల్చేశారు, "నాకు కారు నడపడం రాదు" అని. నన్నడిగితే మొత్తం ఉత్తరం అక్కడే మొదలవ్వాల్సింది. ఆసుపత్రిలో లాంగ్ డే డ్యూటీ అంటే పన్నెండు గంటల పైమాటే. మీ ఆయన ఉన్న ఒక్క కారూ తీసుకుని ఏడింటికి బయల్దేరితే రాత్రి తొమ్మిదైనా ఇంటికి రారు. ఆరోజు పిల్లాడికి ఒళ్లు కాలిపోతుంటే డాక్టరు దగ్గరికి ఎలా వెళ్తారు? పాలు అయిపోతే? బడి రెండు మైళ్ల అవతల, మధ్యలో పేవ్‌మెంటు లేని రోడ్డు, వర్షం కురుస్తోంది, ఏం చేస్తారు? నేను లడ్లో దగ్గర పల్లెలో ఉంటాను, మీకు పక్క జిల్లానే. ఈ చుట్టుపక్కలకి వచ్చి, ఇమడలేక ఏడాది తిరక్కుండా బర్మింగ్‌హామ్‌కో లెస్టర్‌కో వెళ్లిపోయిన మన కుటుంబాలను చూశాను. తెల్లవాళ్లు సరిగ్గా చూడలేదని వెళ్లినవాళ్లు తక్కువ. ఇంటావిడ చేతిలో కారు తాళం లేక, గోడలు చూసి చూసి పిచ్చెక్కి వెళ్లినవాళ్లే ఎక్కువ.

బస్సు ఉందిగా అంటారేమో. ఉండొచ్చు. హెరెఫర్డ్‌షైర్ పల్లెల్లో కొన్నింటికి వారంలో సంత రోజున మాత్రమే బస్సు వస్తుంది. పొద్దున ఒకటి పోతుంది, మధ్యాహ్నం ఒకటి తిరిగొస్తుంది. ఆదివారం మాట మర్చిపోండి. మీరు చూసిన ఊరి పేరు కొట్టి టైంటేబులు తీసి, అందులో ఆఖరి బస్సు ఎన్నింటికో చూడండి. ఇల్లు చూపించిన ఏజెంటు ఈ సంగతి ఎత్తి ఉండడు.

కాబట్టి ఇవాళే ప్రొవిజనల్ లైసెన్సుకు, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సుకు, అప్లై చెయ్యండి. ఇండియా కారు లైసెన్సు ఉన్నవాళ్లు ఇక్కడ కాపురానికొచ్చిన మొదటి 12 నెలలు దానితో నడపొచ్చు గానీ, తర్వాత దాన్ని ఇక్కడి లైసెన్సుగా మార్చరు. రెండు పరీక్షలూ మళ్లీ రాయాల్సిందే. మీకు అదీ లేదు కాబట్టి మొదటి నుంచి మొదలు. థియరీ ప్యాసైతే ఆ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, ముందు అది కొట్టేయండి. అసలు చిక్కు ప్రాక్టికల్ టెస్టు తేదీ దొరకడంలో ఉంది. చాలాచోట్ల నెలల తరబడి ఆగాలి. ఆటోమేటిక్‌లో నేర్చుకుంటే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు ఇది తక్కువ లైసెన్సన్నట్టు మాట్లాడతారు. పట్టించుకోకండి. గేర్ల కుస్తీ లేకుండా ఈ ఎత్తుపల్లాల సన్న రోడ్లలో వెళ్లగలిగితే అదే పదివేలు.

ఇంకో మాట. స్లౌలో టెస్టు ప్యాసైనంత మాత్రాన ఇక్కడ నడపడం వచ్చినట్టు కాదు. పల్లె రోడ్డు మీ కారంత వెడల్పే ఉంటుంది. రెండు పక్కలా నిలువెత్తు పొదల కంచె, మలుపు తిరిగితే ఏముందో కనపడదు. బోర్డు ప్రకారం చూస్తే చాలా రోడ్లకు గంటకు 60 మైళ్ల దాకా అనుమతి. ఆ వేగంతో పోయేవాడు మూర్ఖుడు. ఎదురుగా పాల ట్యాంకరు వస్తే, అది వెనక్కి పోదు, మీరే పోవాలి. ఎంత దూరం వెనక దాటొచ్చిన ఖాళీ జాగా ఉందో గుర్తుపెట్టుకుని, అద్దాల్లో చూసుకుంటూ, గుంటలో చక్రం పడకుండా రివర్సు చెయ్యాలి. పల్లెలో అసలు డ్రైవింగు పరీక్ష అదే. అవతలివాళ్లు దాటిపోతూ స్టీరింగు మీద నుంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తుతారు. చెయ్యి ఊపరు, నవ్వరు, ఒక్క వేలు. అది థాంక్స్. మీరూ ఎత్తండి. ఎత్తకుండా పోయిన కారు ఎవరిదో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. శరదృతువులో నెమలి చెల్లెళ్లలాంటి ఫెజెంట్ పక్షులు సరిగ్గా టైరు కిందికే పరిగెడతాయి. వాటికోసం స్టీరింగు తిప్పి కంచెలోకి పోకండి. రోడ్డు మీద నీళ్లు నిలబడి ఉంటే లోతు తెలియకుండా దిగకండి. జనవరిలో పొద్దుటిపూట తడిలా మెరిసేది తడి కాదు, మంచు గాజు.

ఆగస్టులోపు మీ చేతికి లైసెన్సు రాదనుకుందాం, బహుశా రాదు కూడా. అప్పుడు నా సలహా ఇది. ఆ ఇల్లు ఈ ఏడాదికి వదిలేయండి. ఆయనకు కష్టంగానే ఉంటుంది, యాపిల్ చెట్లు చూసి పడిపోయినట్టున్నారు. లెమ్‌స్టర్‌లోనో లెడ్‌బరీలోనో చూడండి. రెండూ చిన్న సంత ఊళ్లు, నడిచి వెళ్లేంత దూరంలో అంగళ్లు, డాక్టరు, బడి, రైల్వే స్టేషను. అక్కణ్నుంచి హెరెఫర్డ్‌కు రైల్లో పావుగంట, ఇరవై నిమిషాలు. పల్లే కావాలని ఆయన పట్టుబడితే కోల్‌వాల్ చూడమనండి. మాల్వెర్న్ కొండల పంచన ఉన్న పల్లె, దానికి సొంత రైల్వే స్టేషనుంది. పల్లెకు స్టేషనుండడమంటే ఈ రోజుల్లో అదృష్టమే. అద్దె కాస్త ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువను రెండో కారు, దాని ఇన్సూరెన్సు ఖర్చుతో పోల్చి చూడండి, మీకే తెలుస్తుంది. లైసెన్సు వచ్చాక యాపిల్ చెట్లున్న ఇల్లు ఇంకోటి దొరక్కపోదు. హెరెఫర్డ్‌షైర్‌లో యాపిల్ చెట్లకు కరువేముంది, ఇంగ్లండు సైడర్‌లో, అంటే యాపిల్ మద్యంలో, పెద్ద వాటా ఆ తోటలదే.

లేదు, ఆ ఇల్లే తీసుకుంటాం, రెండో కారు కొంటాం, నేను త్వరగా నేర్చుకుంటాను అంటారా? సరే. అయితే సంతకం పెట్టేముందు ఇంటి గురించి కొన్ని అడగాలి. స్లౌ ఫ్లాటులో వీటి ఊసే ఉండదు.

మొదటిది, ఇల్లు దేనితో వెచ్చబడుతుంది? పల్లెల్లో చాలాచోట్ల గ్యాసు పైపులుండవు. దొడ్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు కనపడి ఉంటుంది, అందులో పోసేది కిరసనాయిలే. మన రేషన్ షాపుల్లో క్యాన్లు పట్టుకుని నిలబడిన దాని చుట్టమే. ట్యాంకరు తెచ్చి పోస్తారు. సాధారణంగా 500 లీటర్లకు తక్కువ తేరు, కాబట్టి ఒక్కసారే పెద్ద మొత్తం కట్టాలి. చలి ముదిరాక ధర పెరుగుతుంది, ఆర్డరిచ్చినా వచ్చేసరికి వారం పది రోజులు పట్టొచ్చు. చాలా ఊళ్లలో అందరూ కలిసి ఒకేసారి ఆర్డరిచ్చి ధర తగ్గించుకునే బృందం ఉంటుంది. అది ఎవరు నడుపుతున్నారో కనుక్కోండి. ఊళ్లో మీరు వేసే మొదటి ప్రశ్నగా కూడా బాగుంటుంది, ఎందుకంటే ఆయిలు ధర మీద మాట్లాడని మనిషి ఇక్కడ లేడు. తాళాలు తీసుకున్న రోజున ట్యాంకులో ఎంతుందో ఫొటో తీసి ఉంచుకోండి. వారానికోసారి గేజీ చూడండి. పూర్తిగా అయిపోయిందంటే పైపుల్లో గాలి చేరుతుంది, కొత్త ఆయిలు పోసినా బాయిలరు అందుకోదు, మెకానిక్ వచ్చి గాలి తియ్యాలి. ఇది ఎప్పుడూ శుక్రవారం రాత్రే జరుగుతుంది.

రెండోది, ఇంట్లోంచి పోయే నీళ్లు ఎక్కడికి పోతాయి? సెప్టిక్ ట్యాంకయితే దాన్ని ఏడాదికోసారి తోడించేది ఎవరు, మీరా ఓనరా అన్నది అగ్రిమెంటులో రాయించుకోండి. ఆ ట్యాంకు నుంచి నీళ్లు నేరుగా వాగులోకి వదలడం 2020 నుంచి కుదరదు. అలా వదిలే పాత ట్యాంకయితే మార్చాల్సింది ఓనరు. మన వంటతో దీనికో పేచీ ఉంది. గారెలు వేయించిన నూనె సింకులో పోశారో, ట్యాంకులో బతికి పనిచేసే సూక్ష్మజీవులు చచ్చి, వాసన దొడ్డంతా కొడుతుంది. చల్లార్చి సీసాలో పోసి చెత్తలో వెయ్యండి. పిల్లాడి వైప్స్ ఒక్కటి కూడా టాయిలెట్‌లో వెయ్యకూడదు. తాగే నీళ్లు మెయిన్ లైనువా, సొంత బోరువా అన్నది కూడా అడగండి. బోరయితే పరీక్ష చేయించిన కాగితం చూపించమనండి.

రాతి ఇల్లన్నారు. ఫొటోల్లో ఎంత బాగుంటుందో ఫిబ్రవరిలో అంత వణికిస్తుంది. పాత గోడల మధ్య ఖాళీ ఉండదు, వెచ్చదనం నిలవదు. ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్ చూడండి. అద్దె ఇంటికి కనీసం 'ఈ' గ్రేడు ఉండాలన్నది రూలు, కొన్ని పాత ఇళ్లకు మినహాయింపులున్నాయి. మీరు చూసినదానికి మినహాయింపు ఉందంటే మాత్రం వెనకడుగెయ్యండి. కుక్కర్ ఆవిరి, పప్పు ఉడుకు, లోపల ఆరేసిన బట్టలు అన్నీ కలిసి డిసెంబరుకల్లా బీరువా వెనక బూజు పట్టిస్తాయి. వంట చేసేటప్పుడు కిటికీ తెరవాలి, చలి అయినా సరే, లేదా తడి పీల్చే డీహ్యూమిడిఫయరు ఒకటి కొనాలి. ఇల్లు లిస్టెడ్ బిల్డింగ్, అంటే చారిత్రక కట్టడంగా నమోదైనది అయితే కిటికీ మార్చాలన్నా, గోడకు చిల్లు పెట్టాలన్నా అనుమతి కావాలి. అనుమతి లేకుండా మార్పులు చేయడం ఇక్కడ నేరం.

వరద సంగతి మర్చిపోకండి. పోస్టుకోడు కొడితే ప్రభుత్వ వెబ్‌సైటు వరద ముప్పు చెప్పేస్తుంది. 2020 ఫిబ్రవరిలో డెన్నిస్ తుఫానుకు హెరెఫర్డ్‌లో వై నది రికార్డు మట్టానికి లేచింది. పక్కనే ఉన్న హాంప్టన్ బిషప్ అనే పల్లె మునిగి జనాన్ని ఖాళీ చేయించారు. లగ్ నది పక్క పొలాలు దాదాపు ఏటా చెరువులవుతాయి. మీ ఇల్లు మునక్కపోయినా మీ రోడ్డు మునుగుతుందేమో అడగండి. గాలి వైపు కూడా చూడండి. వై లోయ నిండా కోళ్ల ఫారాలే. గాలి ఇటు తిరిగితే కిటికీ తియ్యలేని ఇళ్లున్నాయి. ఎండాకాలం ఎండ పూట ఒక్కసారి చూసి ఇల్లు తీసుకోకూడదనేది అందుకే. వాన పడే సాయంత్రం, పని రోజున, మీ ఆయన లేకుండా మీరొక్కరే మళ్లీ వెళ్లి చూడండి. అక్కడ నిలబడి ఫోనుకు సిగ్నలుందా చూడండి. లేకపోతే వైఫై కాలింగే దిక్కు, అది కరెంటు పోతే పోతుంది. కరెంటు పోయినప్పుడు చెయ్యాల్సిన నంబరు 105, ఫ్రిజ్ మీద రాసి అంటించండి. పల్లెలో చాలా ఇళ్లకు నంబరుండదు, పేరే ఉంటుంది. ఒకే పోస్టుకోడులో అర మైలు దూరం ఇళ్లు ఉంటాయి. అంబులెన్సుకు దారి చెప్పే రెండు వాక్యాలు ముందే రాసి పెట్టుకోండి. ఊళ్లో ఎర్ర ఫోను బూతు ఉంటే, అందులో ఇప్పుడు ఫోనుండే అవకాశం తక్కువ. పుస్తకాలో, గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటరో ఉంటాయి. ఏముందో చూసి రండి.

బడి మాట. రిసెప్షన్ అంటే ఇక్కడ బడిలో మొట్టమొదటి తరగతి, దాని అడ్మిషన్లకు గడువు జనవరి 15. మీరు స్లౌలో పెట్టి ఉంటారు, ఏప్రిల్లో సీటు కూడా వచ్చుంటుంది. ఇప్పుడు హెరెఫర్డ్‌షైర్ కౌన్సిల్‌కు ఆలస్యపు దరఖాస్తు పెట్టాలి. కొత్త చిరునామా రుజువు అడుగుతారు, కాబట్టి ఇల్లు తేల్చడం ఆలస్యమైతే సీటూ ఆలస్యమే. పల్లె బడులు చాలావరకు చర్చి ఆధ్వర్యంలోవి. మన పిల్లల్ని చేర్చుకోరేమో అనుకోకండి, చేర్చుకుంటారు. ప్రార్థనలో కూర్చోబెట్టవద్దని చెప్పే హక్కు మీకుంది, కానీ క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం వేసే ఆనందం ఎందుకు పోగొట్టడం? పిల్లలు తక్కువ కాబట్టి రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. చిన్నవాళ్లకు అది మంచిదే. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, దగ్గరలోని తగిన బడి రెండు మైళ్లకు పైబడి ఉంటే కౌన్సిలే ఉచితంగా బండి ఏర్పాటు చెయ్యాలి. నడవడానికి దారి ప్రమాదకరమైతే అంతకంటే దగ్గరైనా సరే. ఇది అడిగితేనే వస్తుంది.

ఇక మీరడిగింది. కలుపుకుంటారా?

కలుపుకుంటారు, కానీ వాళ్ల వేగంతో. మొదటి నెలల్లో మీకు కనపడేది మర్యాద. తలూపుతారు, వాతావరణం గురించి ఒక మాట అంటారు. "ఎప్పుడైనా టీకి రండి" అంటారు. అది మనవాళ్లు వీధిలో కనపడి "ఒకసారి భోజనానికి రండి" అన్నట్టే, తేదీ చెప్పే వరకు పిలుపు కాదు. నొచ్చుకోకండి. మీరు వెళ్లిన వారంలోనే రెండు పక్కల ఇళ్లకూ వెళ్లి తలుపు తట్టి, పేరు చెప్పి, చెత్త డబ్బాలు ఏ రోజు పెట్టాలో అడిగి వచ్చేయండి. లోపలికి రమ్మనకపోతే అది అవమానం కాదు. అంతకుమించి చెప్పాపెట్టకుండా వెళ్లే అలవాటు ఇక్కడ లేదు.

"మీరు అసలు ఎక్కడివాళ్లు?" అని అడుగుతారు. చాలామంది ఊరికే తెలుసుకోవాలనే అడుగుతారు. పైగా అరవై దాటిన ప్రతివాళ్లకూ జీవితంలో ఎక్కడో ఒక ఇండియన్ డాక్టరు చెయ్యి పడే ఉంటుంది, ఆ కథ చెప్తారు, వినండి. డాక్టరుగారి భార్య అన్న హోదా మీకు అప్పనంగా వస్తుంది. దాన్ని వాడుకోండి, కానీ ఆ చట్రంలో ఇరుక్కోకండి. అసలు చెడ్డ మాట ఎవరూ అనరని నేను చెప్పను. ఎక్కడో ఒక ఇల్లుంటుంది, పబ్బులో ఒక నోరుంటుంది. పిల్లాణ్ని బడిలో రంగు పేరు పెట్టి ఏడిపిస్తే, మాటతో సరిపెట్టకండి, హెడ్‌టీచరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. మీ ఇంటి మీదికి వస్తే పోలీసుల నంబరు 101, అప్పటికప్పుడు ప్రమాదమైతే 999. ఊళ్లో మంచి పేరు పోతుందని మింగి ఊరుకోవద్దు. ఊళ్లో ఎక్కువమంది మీ వైపే ఉంటారు.

అందరూ ఇచ్చే ఒక సలహాను నేను ఇవ్వను, సమోసాలు చేసి పంచితే ఊరంతా మీదైపోతుందని. సమోసాలు తింటారు, బాగున్నాయంటారు, అంతటితో సరి. పల్లెకు కావాల్సింది కుర్చీలు సర్దే చేతులు. మా ఊళ్లో ఎండాకాలం ఫేట్, అంటే ఊరి తిరునాళ్లలాంటిది, జరుగుతుంటే వాన విరుచుకుపడింది. కేకుల బల్ల మీది గుడారం గాలికి లేచిపోతోంది. అప్పటిదాకా తలూపడం తప్ప నాతో మాట్లాడని పెద్దాయన ఒకడు, నా పేరు పెట్టి అరిచాడు, ఆ కర్ర పట్టుకో అని. చీర కాదు కదా, నా జీన్సు కూడా మోకాళ్ల దాకా బురద. ఇద్దరం కర్ర పట్టుకుని నిలబడితే తక్కినవాళ్లు కేకులు లోపలికి చేర్చారు. ఆ మర్నాటి నుంచి ఆయన గేటు దగ్గర ఆగి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆగితే వదలడు, అది వేరే సంగతి.

కాబట్టి విలేజ్ హాల్ నోటీసు బోర్డు చదవండి. పసిపిల్లల తల్లుల గుంపు వారంలో ఒక పొద్దుట కలుస్తుంది, మొదట అక్కడికి వెళ్లండి. విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంటే చూడండి. బ్రిటన్లో 1915లో మొదలైన పల్లె ఆడవాళ్ల సంఘం అది. జామ్ తప్ప ఇంకేం చెయ్యరని వెక్కిరిస్తారు గానీ, ఊళ్లో ఏ పని ఎవరితో అవుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. చర్చిలో కాఫీ పూటకు క్రైస్తవులే రావాలని లేదు. పారిష్ కౌన్సిల్ మీటింగు ఎవరైనా వెళ్లి వినొచ్చు. వీధి గుంటల మీద, కుక్కల మలం మీద రెండు గంటలు వాదించుకుంటారు. మన పంచాయతీ చూసినవాళ్లకు ఇంటికొచ్చినట్టే ఉంటుంది. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి. కామన్‌వెల్త్ దేశస్తులు కాబట్టి, వీసా మీదున్న భారతీయులకూ ఇక్కడ ఓటుంది, పార్లమెంటు ఎన్నికలతో సహా. వెళ్లగానే పేరు నమోదు చేయించుకోండి.

దీపావళికి టపాసులు కాల్చాలనుంటే, మామూలు రోజుల్లో రాత్రి 11కే ఆపాలన్న రూలు ఆ ఒక్క రాత్రికి ఒంటిగంట దాకా సడలిస్తుంది. చట్టంలోనే దీపావళి పేరుంది. కానీ చుట్టూ గుర్రాలు, గొర్రెలు ఉంటాయి. నాలుగు రోజుల ముందే పొరుగువాళ్లకు చెప్పండి, చప్పుడు లేనివి కాల్చండి. చెప్పకుండా కాల్చి గుర్రం కంచెకు గుద్దుకుందంటే, దాన్ని ఊరు మర్చిపోదు. అలాగే పొలం గేటుకు అడ్డంగా కారు పెట్టకండి. ఎంత ఖాళీగా కనపడినా సరే, ఆ గేటుతో రైతుకు ఎప్పుడు పని పడుతుందో తెలియదు.

ఈ దేశపు పల్లెలో నాకు అన్నిటికంటే నచ్చేది కాలిబాటలు. వేరేవాళ్ల పొలం మధ్యలోంచి నడిచే హక్కు అందరికీ ఉంది. గుంజ మీద పసుపు బాణం గుర్తుంటే అది నడకదారి. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాపు ఒకటి కొనండి, అందులో ఆకుపచ్చ చిన్న చిన్న తెగిన గీతలు అవే. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసి ఉంటే మూయండి. దూడలతో ఉన్న ఆవుల మధ్యలోంచి మాత్రం పోకండి, చుట్టు తిరిగి వెళ్లండి. ఇక్కడి ఆవు మన ఆవులాంటిదే అనుకోవద్దు. కుక్కలంటే భయమైతే దూరం నుంచే చెప్పండి, పట్టుకుంటారు. "ఏం చెయ్యదు" అంటూనే పట్టుకుంటారు.

తిండికి ఇబ్బంది పడరు. గరాజీలో పెద్ద ఫ్రీజరు పెట్టుకోండి. బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్‌లో బాలాజీ గుడి ఉంది, గంటన్నర ప్రయాణం. దర్శనం చేసుకుని, అక్కడికి దగ్గర్లోని సోహో రోడ్డులో నెలకు సరిపడా సరుకులు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు తెచ్చి ఫ్రీజరులో వేసుకోవచ్చు. ఈ దేశంలో కేరళ నర్సులు లేని ఆసుపత్రి అరుదు. మీ ఆయన్ని వార్డులో వాకబు చెయ్యమనండి, కొబ్బరి, బియ్యం ఎక్కడ దొరుకుతాయో వాళ్లకే బాగా తెలుస్తుంది. గోంగూర దొరకదని బెంగొద్దు. వసంతంలో ప్రతి దొడ్లో రూబార్బ్ మొలుస్తుంది, పొరుగువాళ్లు వద్దన్నా ఇస్తారు. ఎర్రటి కాడలు మాత్రమే తీసుకోండి, ఆకు విషం. కాడల్ని ముక్కలు కోసి, ఎండుమిర్చి వేయించిన నూనెలో మగ్గిస్తే నిమిషాల్లో గుజ్జవుతుంది. వెల్లుల్లి, ఇంగువ పోపు పెట్టండి. కళ్లు మూసుకుని తింటే గోంగూర కాదు గానీ, దాని మేనకోడలు. మీ దొడ్లో యాపిల్ చెట్లు సైడర్ రకమా, బ్రామ్లీలా వంట రకమా కనుక్కోండి. బ్రామ్లీ అయితే పుల్లమామిడి బదులు పప్పులో, పులిహోరలో దివ్యంగా నడుస్తుంది. సైడర్ రకమైతే నోట్లో పెట్టుకోలేరు.

చలికాలం గురించి ఒక్కటే చెప్తాను. డిసెంబరులో నాలుగింటికి పొద్దు గూకుతుంది, వీధి దీపాలుండవు. ఆ చీకటి స్లౌ చీకటి కాదు. తలకు పెట్టుకునే లైటు, మంచి బూట్లు మొదటి నెల జీతంలోంచే కొనండి. విటమిన్ డి మన ఒంటి రంగువాళ్లు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాములు వేసుకోవడం మంచిదని ఇక్కడి ఆరోగ్య శాఖే చెప్తుంది. మీకు, పిల్లాడికి ఇద్దరికీ. నవంబరు, జనవరి మధ్య ఒకసారి స్లౌకు వచ్చి స్నేహితుల దగ్గర నాలుగు రోజులు ఉండేలా ఇప్పుడే అనుకోండి. హెరెఫర్డ్ నుంచి లండన్ ప్యాడింగ్టన్ వైపు నేరుగా రైలుంది, మూడు గంటల ప్రయాణం, రెడింగ్‌లో దిగి మారితే స్లౌ పక్కనే.

మీ వీసాలో పనిచేసే వీలుంటే దాన్ని వాడండి. పల్లె బడుల్లో మధ్యాహ్న భోజనం పూట సాయానికి, ఊరి అంగట్లో కౌంటరుకు మనుషులు ఎప్పుడూ కావాలి. జీతం పెద్దదేం కాదు. కానీ పోస్టాఫీసు కౌంటరు వెనక ఒక్క నెల నిలబడితే ఊళ్లో అందరి పేర్లూ, అందరి నొప్పులూ మీకు తెలిసిపోతాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఈ వారం ప్రొవిజనల్‌కు అప్లై చేసి, హెరెఫర్డ్‌షైర్ కౌన్సిల్ అడ్మిషన్లవాళ్లకు ఫోను చేసి, ఆ పల్లె బడిలో రిసెప్షన్ సీటు ఖాళీ ఉందో లేదో కనుక్కోండి. సీటు లేదంటే ఇంటి మాట అక్కడితో ఆపేయండి. ఉందంటే, వానరోజు చూసుకుని వెళ్లి, ఆ ఆయిలు ట్యాంకు మూత తట్టి, పక్కింటి తలుపు తట్టి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.